అమ్మ నోరు విప్పేదాకా

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే ఆ రోజు కారులో జరిగినదంతా నా చేతకానితనం అనుకుంటారు. ఆ మాట మాత్రం నేను పడను.

నేను బస్ స్టేషన్‌లో విచారణ కిటికీ దగ్గర పనిచేస్తాను. కిటికీ అంటే గాజు పలక, దానికి అరచేయంత కన్నం. జనం ఆ కన్నంలో నోరు పెట్టి అడుగుతారు గానీ చెవి పెట్టి వినరు. ఎన్నో ప్లాట్‌ఫారం అని అడిగి, నేను చెప్పేలోపల వెనక్కి తిరిగి సామాను చూసుకుంటారు. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ చెప్తాను. "అదేంటమ్మా, కసురుకుంటావు?" అంటారు. పొద్దంతా అలా అరిచి ఇంటికొచ్చి, మిగిలిన గొంతుతో పిల్లల మీద అరుస్తాను. నేను అరవనిదే మా ఇంట్లో తాగిన గ్లాసు కూడా కదలదు.

మొన్నామధ్య గొంతు బొంగురుపోయి ఎంతకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసి, లోపల కాయలు కాశాయన్నాడు.

"ఏం చేస్తుంటారమ్మా మీరు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల మా ఆయన అందుకున్నాడు. "అరుస్తుంటుందండీ."

ఆ కిటికీ దగ్గర ఇంకొన్నాళ్ళు కూర్చుంటే ఉన్న గొంతు కూడా పోతుందని తేల్చేశాడు డాక్టరు. ఇంటికొచ్చి వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చాను. నోరు తప్ప నాకు ఇంకో ఆస్తి లేదు. ఉద్యోగం దాంతోనే, సంసారం దాంతోనే.

సరిగ్గా అప్పుడే మా స్టేషన్‌లో ప్రకటనలు చదివే ఆవిడ ఉద్యోగం మానేస్తోందని తెలిసింది. మైకు గదిలో ఏముంటుందో మీకు తెలియదు. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, మూసుకోవడానికి తలుపు ఉంటుంది. కన్నం ఉండదు. మామూలుగా మాట్లాడితే చాలు, అరవడమంతా మైకే చూసుకుంటుంది. ఆ ఉద్యోగానికి గొంతు పరీక్ష మా హెడ్డాఫీసులో, అంటే పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊళ్ళో. నెగ్గితే మైకు గది, ఓడితే మళ్ళీ ఆ కన్నం, ఆ తర్వాత గొంతే ఉండదు. నా మొహానికి మూడో దారి లేదు.

"పరీక్ష అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు" అన్నాడు డాక్టరు. "గుసగుస కూడా వద్దు. అది ఇంకా చెడ్డది. మీరు మైకు ముందు చెప్పే మాటే మొదటి మాట కావాలి."

దాంతో నాకు మూగనోము పట్టింది. పిల్లాడి మ్యాజిక్ స్లేటు ఒకటి తాడు కట్టి మెడలో వేసుకున్నాను. పుల్లతో రాస్తే కనపడుతుంది, కింద పట్టీ లాగితే చెరిగిపోతుంది. ఇక కష్టమేముంది అనుకున్నాను. కష్టం కారెక్కాక తెలిసింది.

పిల్లలకు సెలవులు. వదిలి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ లేరు. "వాళ్ళని నాకొదిలెయ్" అన్నాడు మా ఆయన. "దారంతా ఆటలాడిస్తాను. నువ్వు బెల్లం కొట్టిన రాయిలా కూర్చో, చాలు." ఆయన లెక్కల మాస్టారు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

పెద్దది ఆడపిల్ల, పదేళ్ళది. దాన్ని లాయరమ్మ అంటాం. అన్నం తినవే అంటే, ఎందుకు, ఎంత, తినకపోతే ఏ శిక్ష అని ఆరా తీస్తుంది. చిన్నవాడు మొండిగాడు. ఏడేళ్ళు. వాడు పట్టు పట్టాడంటే ఇక అంతే. ఒకసారి ఎర్ర చెప్పులు కొనలేదని షాపు గుమ్మంలో చతికిలబడ్డాడు. షాపువాళ్ళు దీపాలార్పి, షట్టరు దించి, వాడి నెత్తి మీదుగా తాళం వేసుకుని ఇళ్ళకు పోయారు. వాడు లేవలేదు.

ఇద్దరికీ ముందు సీటే కావాలి. ఒకరికిస్తే రెండోవాళ్ళు కారు పీకి పందిరేస్తారు. అందుకని ముందు సీట్లో సూట్‌కేసును కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. నేను వెనక సీట్లో మధ్యన కూర్చున్నాను. సరిహద్దు కాపలా అన్నమాట.

ఊరు దాటగానే మా ఆయన మొదటి ఆట మొదలుపెట్టాడు. ఎర్ర కార్లు అక్కవి, తెల్ల కార్లు తమ్ముడివి. ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆట బాగానే నడిచింది, ఒక ఇటుకరంగు కారు వచ్చేదాకా.

"అది ఎరుపే" అంది లాయరమ్మ.

"కాదు!" అన్నాడు మొండిగాడు.

"మరి నీ తెల్లకారు దుమ్ము కొట్టుకుపోయి మట్టిరంగులో ఉంది కదా, అదెలా లెక్కేశావ్?"

"కడిగితే తెలుపే!"

"అయితే ఇదీ కడుగు, ఎరుపవుతుంది!"

నా ఒడి మీదుగా వాళ్ళ చేతులు అటూ ఇటూ పోతున్నాయి. ఒక గిచ్చుడు దానికి, ఒక గిచ్చుడు వాడికి, దారి తప్పినవి నాకు.

మా ఆయన వెంటనే ఆట మార్చాడు. ముందు వెళ్ళే బండి నంబరు చూసి అంకెలు కూడాలి. తర్వాత హెచ్చించాలి. తర్వాత, ఆ వచ్చినదాన్ని మూడు భాగిస్తుందో లేదో చెప్పాలి. ఆయన గొంతులో బడి గంట మోగుతోంది, ఆయనకు మాత్రం తెలియడం లేదు.

"నాన్నా, ఇది ఆట కాదు" అంది పెద్దది. "హోంవర్కు."

"నాకు మూత్రం వస్తోంది" అన్నాడు చిన్నవాడు. వాడికి లెక్కలంటే వచ్చేది అదే.

దిగాం, ఎక్కాం. సరిగ్గా ఆ తర్వాతే, అమ్మ తిట్టలేదన్న సంగతి వాళ్ళకు తట్టింది. ఇహ చూడండి! ఆడింది ఆట, పాడింది పాట. బిస్కెట్ల పొడి సీటంతా. కాళ్ళు ఒకరివి కిటికీకి, ఒకరివి నాన్న తలకి. మొండిగాడు నీళ్ళ సీసా మూత తీసి నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, కిటికీలోంచి నీళ్ళు పొయ్యనా? వద్దంటే వద్దని చెప్పు."

నేను కళ్ళు ఉరిమాను. తల అడ్డంగా ఊపాను.

"చెప్పలేదు కదా. అంటే పొయ్యొచ్చు" అని పోసేశాడు. వెనక మోటారుసైకిలు మీద వస్తున్నాయన మమ్మల్ని దాటిపోతూ అన్న మాటలు నేను ఇక్కడ రాయను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. లోపల నా తిట్లన్నీ గొంతు దాకా వచ్చి, తలుపు మూసి ఉండేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎంత ఆపుకున్నా ఆగక, చెయ్యి చాపి ఉంగరంతో కిటికీ అద్దం మీద గట్టిగా కొట్టాను. టక్‌టక్ టక్ టక్. టకటక టకటక టక్ టక్!

మొండిగాడి కాళ్ళు టక్కున కిందికి దిగాయి.

లాయరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నాన్నా! అమ్మ 'దిగానంటే వీపులు విమానం మోతే' అంటోంది!"

నిజమే. అది నా రోజూవారీ తిట్టు. నేను మంచం దిగినా, మెట్లు దిగినా, బస్సు దిగినా ఆ మాటే. తాళం కూడా పిల్లలకు నోటికొచ్చేసింది. ఇంకోటి కొట్టి చూశాను. "చెప్తే వినరు, కొడితే ఏడుస్తారు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. మరొకటి కొట్టాను. "మీ నాన్నని అనాలి ముందు!" ఇది మొండిగాడు గెలిచాడు. మా ఆయన స్టీరింగు మీద పడి నవ్వాడు. "మాట్లాడకుండా కూడా తిడుతున్నావు కదే!" అన్నాడు. ఆ రోజు పుట్టిన ఆటల్లో బాగున్నది అదొక్కటే, దాని పేరు తిట్టు కనుక్కో. కాసేపు నాకూ సరదాగానే ఉంది. తర్వాత వాళ్ళు కనుక్కోవడం మానేసి ఆ తిట్లు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు.

తల పగిలిపోతోంది. పరీక్షకు ఇలా వెళ్తే గొంతు ఉన్నా బుర్ర ఉండదు. అప్పుడు స్లేటు తీసుకుని, నా ఖర్మ కాలి, ఈ ముక్కలు రాశాను: "కొత్త ఆట. నేను నోరు విప్పేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. గెలిస్తే తిరుగు ప్రయాణంలో ముందు సీటు."

ముందు సీటు! ఇద్దరూ సూట్‌కేసు వంక ఆకలిగా చూశారు.

"దగ్గొచ్చు?" అంది లాయరమ్మ. దగ్గొచ్చని తల ఊపాను. "నవ్వితే?" ఫరవాలేదు. "నిద్రలో మాట్లాడితే?" కొంచెం ఆలోచించి, ఓడినట్టే అని రాశాను. "నాన్న కూడా ఆడాలా?" నాన్న దారి అడగాలి, ఆయన ఆటలో లేడని రాశాను. "ఇద్దరం గెలిస్తే?" చెరో సగం దారి. "ఏదైనా కొంప మునిగితే?"

ఆ ప్రశ్న అడగడం అడిగింది. నేనే ఓపిక నశించి పట్టీ లాగి చెరిపేశాను. మొండిగాడు అప్పటికే పెదాలు బిగించేసి కూర్చున్నాడు.

అబ్బ, ఆ నిశ్శబ్దం! మా కారుకు ఇంజను చప్పుడు ఉంటుందని పెళ్ళైన ఇన్నేళ్ళకు తెలిసింది. పిల్ల ఒళ్ళో దిండు పెట్టుకుని తల వాల్చాను. శాలువా మొహం మీదికి లాక్కున్నాను.

దారి పక్కన ఒక టీ కొట్టు దగ్గర కారాగింది. నేను మెల్లగా లేచి, దిండు మీద శాలువా వదిలేసి, ఆ కొట్టు వెనక ఉన్న మరుగుదొడ్డికి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నాడు, నన్ను చూడలేదు. పిల్లలకు చేత్తో సైగ చేశాను, ఇప్పుడే వస్తానని. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు.

నేను తిరిగి వచ్చేసరికి కారు కదులుతోంది.

లోపల ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆయన వచ్చి కూర్చుని, "అందరూ ఎక్కారా?" అని అడిగాడు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. "మౌనం అర్ధాంగీకారం!" అని నవ్వుకుని గేరు వేశాడు. అద్దంలో చూస్తే దిండు, శాలువా కనిపించాయి. పెళ్ళాం పడుకుంది, బంగారుతల్లి అనుకున్నాడు.

నేను పరుగెత్తాను. చేతులు ఊపాను. స్లేటు ఊగి ఊగి గడ్డానికి కొట్టుకుంటోంది. వెనక అద్దంలో మొండిగాడి మొహం కనపడింది. నన్ను చూశాడు. ఖచ్చితంగా చూశాడు. చూసి, చెయ్యెత్తి, నింపాదిగా టాటా చెప్పాడు.

నా ఛాతీ నిండా గాలి పీల్చాను. ఒక్క కేక వేస్తే చాలు. నా కేకకు కదిలిన బస్సులు వెనక్కి వచ్చిన రోజులున్నాయి. కానీ ఆ ఒక్క కేకతో మైకు గది పోతుంది. నోరు తెరుచుకునే ఉంది, కేక మాత్రం మింగేశాను. కారు మలుపు తిరిగిపోయింది.

రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. ఆ తర్వాత కోపం పోయి దుఃఖం వచ్చింది. నోరు లేకపోతే నేను లేనట్టేనా మా ఇంట్లో? నేను అరుస్తున్నానని విసుక్కునేవాళ్ళకి నేను లేనన్న సంగతి కూడా తెలియలేదే! ఇన్నాళ్ళూ వాళ్ళకు నేను అరుపునేనా, మనిషిని కానా? ఫోను కూడా కారులోనే, చేతిసంచిలో ఉండిపోయింది.

"ఏమ్మా, నిన్నొదిలేసి పోయారా?" అంటూ టీ కొట్టావిడ వచ్చింది. లావుగా, చేతిలో గరిటెతో. నేను స్లేటు మీద రాసి చూపించాను. ఆవిడ కళ్ళు చికిలించి చదివి, నా మొహం చూసి, నోరు చూసి, నాలుక చప్పరించింది.

"అయ్యో తల్లీ! మూగదానివా! నోట్లో నాలుక లేని దాన్ని రోడ్డు మీద దింపేసి పోయాడంటే, వాడూ ఒక మొగుడేనా!"

కాదని రాయబోయాను. ఆవిడ అప్పటికే నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, టీ చేతిలో పెట్టి, తన ఫోను తీసింది. "నంబరు రాయి. నీ బదులు నేను తిడతాను. ఊరికే, డబ్బులొద్దు."

నంబరు రాశాను. ఆవిడ కొట్టింది. మా ఆయన ఫోను కారు స్పీకరుకు కలిపి ఉంటుంది. ఆయన గొంతు హుషారుగా వినపడింది.

"ఏమయ్యా, నీ పెళ్ళాం ఇక్కడ నా కొట్లో ఉంది" అంది ఆవిడ.

"మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోతోందండీ. మీరెవరు?"

"వెనక సీట్లో కాదయ్యా, నా ఎదురుగుండా ఉంది! మెడలో పలక కట్టుకుని!"

"చూడండీ, ఇలాంటి ఫోన్లు చేసి మోసాలు చేస్తున్నారని పేపర్లో చదివాను. నేను లెక్కల మాస్టారిని. ఓటీపీ మాత్రం చెప్పను గాక చెప్పను!" అని పెట్టేశాడు.

ఆవిడ ఫోను వంక, నా వంక చూసింది. "ఈయనతోనా తల్లీ కాపురం?" అంది.

మళ్ళీ కొట్టమని సైగ చేశాను. ఈసారి ఫోను నేనే తీసుకున్నాను. "హలో, మళ్ళీ మీరేనా?" అన్నాడాయన. "ఏమండీ" అన్న ఒక్క మాట నా పళ్ళ దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి, ఫోను బల్ల మీద పెట్టి, టీ గ్లాసు బోర్లించి, ఉంగరం వేలితో కొట్టాను.

టక్‌టక్ టక్ టక్. టకటక టకటక టక్ టక్!

అటునుంచి కారు పగిలిపోయేలా లాయరమ్మ కేక.

"అమ్మ! నాన్నా, అది అమ్మ! వీపులు విమానం మోత!"

"అమ్మ వెనకే ఉంది కదే?"

"లేదు! అది దిండు! ఇందాకట్నుంచి చెప్తూనే ఉన్నా నీకు!"

బ్రేకు కీచుమంది. టీ కొట్టావిడ గరిటె గుండెకు హత్తుకుంది.

పాపం, పిల్ల నిజంగానే చెప్తూనే ఉందట, సైగలతో. నడుం మీద చేతులు పెట్టుకుని, వేలు ఆడించి చూపించిందట, అంటే అమ్మ అని. ఆయన అద్దంలో చూసి, "మీ హెడ్‌మిస్ట్రెస్సా?" అన్నాడు. బొటనవేలితో వెనక్కి చూపించింది, అమ్మ వెనక ఉండిపోయిందని. "ఏ లారీకైనా సైడు కావాలా? ఇస్తున్నా, ఇస్తున్నా" అన్నాడు. అది ఏడుపు మొహం పెట్టింది. "సినిమా పేరా? ఎన్ని మాటలు?" అన్నాడు. ఆ మొగుడికి అంతకన్నా ఏం తెలుస్తుంది!

కారు తిరిగొచ్చింది. లాయరమ్మ దూకి వచ్చి నా నడుం కరుచుకుంది. "నేను ఓడిపోయానమ్మా. పోతే పోయింది సీటు" అని ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. "అది కాదే... వెనక అంత ప్రశాంతంగా ఉంటే..." అని నసిగాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యకపోవడమే మంచిదని ఆయనకే తోచింది. మిగతాది టీ కొట్టావిడ చూసుకుంది. నేను కూడా అంత బాగా తిట్టలేను.

మొండిగాడు మాత్రం కారులోనే ఉన్నాడు. వాడి ముందుకు స్లేటు తోశాను: "నన్ను చూసి కూడా ఎందుకు చెప్పలేదురా?"

వాడు పుల్ల తీసుకుని, నాలుక బయటపెట్టి, కష్టపడి ఒక్క ముక్క రాశాడు. "రూలు." నేనింకా నోరు విప్పలేదు కదా, వాడి లెక్కన ఆట ఇంకా నడుస్తోంది.

హెడ్డాఫీసు చేరేసరికి నా పేరు పిలవడానికి ముందు ఇంకా ఇద్దరున్నారు. పొడవాటి వరండా, బెంచీల నిండా జనం. గోడ మీద ఒక స్పీకరు పెట్టె. లోపల ఒక్కొక్కరు చదువుతుంటే బయట ఆ పెట్టెలోంచి వస్తోంది. ఎవరూ వినడం లేదు. కబుర్లు చెప్పుకునేవాళ్ళు చెప్పుకుంటున్నారు, కునికేవాళ్ళు కునుకుతున్నారు.

నన్ను పిలిచారు. లోపల తల నెరిసిన పెద్దాఫీసరు, ఆయన ముందు మైకు. తలుపు మాత్రం బార్లా తీసి ఉంచారు. ఆయన నా వంక కాదు, ఆ తలుపులోంచి వరండా వంక చూస్తూ కూర్చున్నాడు.

"సిద్ధమేనా అమ్మా?" అన్నాడు.

నేను ఉంగరంతో బల్ల మీద టక్ అని కొట్టాను. అలవాటైపోయింది మరి. ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను గబగబా కాగితం అందుకున్నాను.

"ప్రయాణికులకు మనవి..." నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట. ఎంత బాగా వచ్చింది! బొంగురు లేదు, జీర లేదు. నా గొంతు ఇంత మెత్తగా ఉంటుందని నాకే తెలియదు. మురిసిపోతూ చివరి దాకా చదివాను.

ఆఫీసరు నిట్టూర్చాడు. "గొంతు చాలా బాగుందమ్మా. పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళందరివీ బాగున్నాయి. కానీ నేను గొంతు వినడానికి కూర్చోలేదు, తలలు చూడటానికి కూర్చున్నాను. మీరు చదువుతుంటే బయట ఒక్క తల తిరగలేదు. చూడండి."

చూశాను. నా సొంత మొగుడు, నా సొంత పిల్లలు! వాళ్ళ నెత్తి మీద పెట్టెలోంచి నేను మాట్లాడితే, ఆయన ఆవులిస్తున్నాడు, పెద్దది జడ కొస నములుతోంది, చిన్నవాడు పెదాలు బిగించి గాల్లో కాళ్ళాడిస్తున్నాడు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నప్పటి దుఃఖం మళ్ళీ ముంచుకొచ్చింది. పోయింది, మైకు గది పోయింది అనుకున్నాను.

"చివరిగా ఒక్కటి" అన్నాడు ఆఫీసరు. ఇది అందరినీ అడుగుతున్నదేనట. "కాగితం పక్కన పెట్టెయ్యండి. బండి కదిలిపోతోంది. ఎక్కాల్సిన మనిషి కిందే ఉండిపోయింది. డ్రైవరు ఆపాలి. చెప్పండి."

బండి కదిలిపోతోందా? మనిషి కిందే ఉండిపోయిందా? నేను పొద్దున మింగిన కేక ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

"ఆపవయ్యా బండి! అందరూ ఎక్కారా అని అడిగితే సరిపోయిందా? తల తిప్పి చూడక్కర్లేదా? మౌనం అర్ధాంగీకారమట, మౌనం! ఎక్కాల్సిన మనిషి రోడ్డు మీద నిలబడి చేతులూపుతుంటే కనపడటం లేదూ? నిన్నే! ఆపుతావా లేదా? దిగానంటే వీపులు విమానం మోతే!"

అరవలేదు. ఒట్టు. అరవడం మైకే చూసుకుంది, నేను కోపం మాత్రం పెట్టాను. గొంతుకు చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియలేదు.

వరండాలో ఉన్న తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. కునుకుతున్నవాళ్ళు లేచి నిలబడి సంచులు వెతుక్కున్నారు. మా ఆయన కారు తాళాలు పైకెత్తి పట్టుకుని, "ఆపేశా! ఆపేశా!" అన్నాడు. వాళ్ళందరినీ తోసుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ బిళ్ళబంట్రోతు చంక కిందనుంచి దూరి, మా మొండిగాడు లోపలికి వచ్చి పడ్డాడు.

"గెలిచా! అమ్మ నోరు విప్పింది! ముందు సీటు నాదే!"

పొద్దుట్నుంచి దాచుకున్న గొంతేమో, గది మార్మోగిపోయింది. ఆఫీసరు నవ్వాపుకుంటూ సంగతేమిటని అడిగాడు. సిగ్గుపడుతూ చెప్పాను, టీ కొట్టుతో సహా. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఇందాక మీ అమ్మ చదివినప్పుడే రాలేదేం బాబూ?"

"ఇందాక చదివింది ఎవరో ఆంటీ కదా?" అన్నాడు వాడు.

ఆఫీసరు నా కాగితం మీద ఏదో గీసి సంతకం పెట్టాడు. "కన్నతల్లిని రోడ్డు మీద వదిలేసినా నోరు విప్పనివాడి చేత విప్పించారు. ఇక నేను వెతకక్కర్లేదు. వచ్చే నెల నుంచి మైకు గది మీదమ్మా. ఆ విమానం మాట ఒక్కటి మాత్రం తీసెయ్యండి."

తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర ఆగమన్నాను. ఆవిడకు చెప్పకుండా ఎలా పోను? ఆవిడ గరిటెతో సహా ఎదురొచ్చేలోపల మొండిగాడు ముందు సీట్లోంచే నీళ్ళ సీసా మూత తీశాడు.

"ఒరేయ్, చెప్తే వినరా మీరు? ఆ సీసా కింద పెట్టు! చెవులున్నాయా లేవా?" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. నోరు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"మాటొచ్చిందా తల్లీ!" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, జాలిగా, "పొద్దున ఎంత నెమ్మదైన మనిషో అనుకున్నానయ్యా" అంది.

టీలు తాగి ఎక్కాం. వెనక సీట్లో నేనూ, లాయరమ్మా, మా మధ్యన సూట్‌కేసు. మా ఆయన తాళం తిప్పబోయి ఆగాడు. పూర్తిగా వెనక్కి తిరిగి, మెడ చాచి, సీటంతా వెతికాడు.

"ఏమోయ్, ఉన్నావా?"

మాట్లాడొచ్చు. ఇప్పుడు నాకు అడ్డేముంది? అయినా చెయ్యి చాపి కిటికీ అద్దం మీద ఉంగరంతో కొట్టాను.

"దిగానంటే వీపులు విమానం మోతే!" అన్నారు ముగ్గురూ. అప్పుడు కదిలించాడు కారు.